నాలుగో కాలు

శిథిల సంపద సంరక్షణ శాఖలో చాలాకాలం కిందట ఒక పెద్ద అధికారి కుర్చీలోంచి కిందపడ్డాడు. ఆ కుర్చీకి ఒక కాలు లేదన్న సంగతి ఆఫీసులో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆయన కొత్తగా వచ్చినవాడు. పైగా కిందివాళ్ళను ఏదీ అడిగే అలవాటు లేనివాడు. నడుముకు కట్టు కట్టించుకుని, మంచంమీద పడుకునే ఒక ఉత్తర్వు రాయించాడు. నేలపై నిలబడు స్వభావముగల ప్రభుత్వ వస్తువు ఏదైనను విధిగా నాలుగు కాళ్ళు కలిగియుండవలెననియు, అంతకు తక్కువ ఉన్నచో దానిని విరిగినదిగా పరిగణించి మార్చి నెలలో వేలము వేయవలెననియు ఆ ఉత్తర్వు సారాంశం. దాన్నే పదిహేడో నిబంధన అంటారు. ఆయన నడుము ఆరు వారాల్లో బాగైంది. నిబంధన మాత్రం నేటికీ అమల్లో ఉంది.

మొదటి ఏడాది క్యాంటీన్‌లోని ముక్కాలిపీట దానికి బలైంది. ఫోటోగ్రాఫర్ ఓబుళేసు వాడే టేకు ట్రైపాడ్ చాలా ఏళ్ళు తప్పించుకుంది. ఎప్పుడూ చీకటి గదిలో బల్లకింద ముడుచుకుని పడుకుని ఉండేది కాబట్టి, అది నిలబడే స్వభావం గలదని ఎవరికీ తెలియలేదు. చివరికి ఒక మార్చిలో ఓబుళేసు బుద్ధి గడ్డి తిని, కీళ్ళకు నూనె పెడదామని దాన్ని వరండాలో నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే తనిఖీవాళ్ళు వచ్చారు. కాళ్ళు లెక్కపెట్టారు. అదే వారంలో వేలం వేసి ఒక కొబ్బరి బోండాల వ్యాపారికి ఇచ్చేశారు. ఇప్పుడది బస్టాండు ముందర గంపెడు బోండాలు మోస్తూ రోజంతా నిలబడుతుంది. బస్సులు పక్కనుంచి పోతున్నా ఇంత కూడా కదలదు. ఓబుళేసు ఆఫీసుకు పోయే దారి అదే కావడం అతని ఖర్మ.

మామూలు రోజుల్లో అయితే అతను ట్రైపాడ్ లేకుండానే కాలం గడిపేవాడు. రిబ్బను కత్తిరింపులకూ, జ్యోతి ప్రజ్వలనలకూ చేతిలో కెమెరా చాలు. కానీ ఆ సంవత్సరం కొమ్ముబండ మండపం పని వచ్చిపడింది. కొండల మధ్య కొత్తగా కట్టిన జలాశయం నిండితే ఆ మండపం మునిగిపోతుంది. దాని పైకప్పు నిండా అయిదు వందల ఏళ్ళనాటి రంగుల బొమ్మలున్నాయి. మండపాన్ని విప్పి మరో చోట కట్టడం సాధ్యమా అని శాఖ మూడేళ్ళు చర్చించింది. ఆ చర్చలో ఉండగానే వ్యవధి అయిపోయింది. చివరికి బొమ్మలకు ఫోటోలు తీసి భద్రపరిస్తే చాలునని తీర్మానించారు. అంటే నీళ్ళొచ్చాక ఆ బొమ్మలు లోకంలో మిగిలేది ఓబుళేసు తీసే ఫోటోల్లోనే. నీళ్ళు ఆశ్వయుజంలో వస్తాయన్నారు. అప్పటికి ఆరు నెలలుంది. అతని పదవీ విరమణకు పది నెలలుంది.

మండపంలో చీకటి. రంగులు పాడవుతాయని ఫ్లాష్ వెలిగించడం శాఖే నిషేధించింది. ఒక్కొక్క ఫోటోకు అర నిమిషం సేపు కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. ఆ అర నిమిషంలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది. పైగా ఆఫీసు కెమెరా పాత ఫిల్ము కెమెరా, బరువు చూస్తే చంటిపిల్లంత. కంప్యూటర్లో ఉండే బొమ్మకు సీలు ఎక్కడ వేస్తారన్న ప్రశ్నకు జవాబు దొరక్క శాఖ ఇంకా ఫిల్మునే వాడుతోంది. పెళ్ళి స్టూడియోవాళ్ళ సన్నకాళ్ళ స్టాండు మీద దాన్ని పెడితే, మొక్కుతున్నట్టు ముందుకు వంగిపోతుంది. అదీగాక బయటివాళ్ళ పరికరాలు రక్షిత ప్రదేశంలోకి తీసుకుపోవడం నేరం.

అందుకని ఓబుళేసు సెలవు పెట్టి, సొంత ఖర్చుతో నగరానికి పోయి, ఒక పెద్ద దుకాణంలో పూటంతా ట్రైపాడ్‌లు చూశాడు. అయిదారు మడతలతో పొడుగ్గా సాగే కాళ్ళను పక్కన పెట్టాడు. మడత పెరిగిన కొద్దీ చివరి కాలు పుల్లలా సన్నబడుతుంది. మధ్య కడ్డీని పైకి లేపితేగానీ ఎత్తు అందని వాటినీ వద్దన్నాడు. చివరికి లావుపాటి కాళ్ళు, మూడే మడతలు, కింద సంచి తగిలించే కొక్కెం ఉన్నది ఒకటి నచ్చింది. దానిమీద సగం గ్లాసు నీళ్ళు పెట్టించి, కాలిని వేలితో కొట్టి, నీళ్ళలో అల ఎంతసేపటికి ఆగుతుందో చూశాడు. కాళ్ళపైన కెమెరాను పట్టి ఉంచే తలనూ అలాగే ఎంచాడు. కెమెరాను బిగించి చెయ్యి తీశాక అది వాలకూడదు. మూడు పిడులతో మూడు వైపులకూ తిరిగే బరువైన తల దొరికింది. దుకాణంవాడు విసుక్కోకుండా కాఫీ కూడా ఇప్పించాడు. ప్రభుత్వం తరఫున ఇంత జాగ్రత్తగా సరుకు ఎంచినవాణ్ణి అతను అంతకుముందు చూడలేదట.

ఓబుళేసు వచ్చి రెండు పేజీల అర్జీ రాసి సూపరింటెండెంట్ నాగలింగప్ప ముందు పెట్టాడు. నాగలింగప్ప చెడ్డవాడు కాదు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. అతను అర్జీ రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"అంతా బాగనే రాసినావు గానీ, కాళ్ళు మూడు అని రాసినావే. చేతి తప్పా?"

"తప్పు కాదు సార్. దానికి ఉండేదే మూడు."

"ఉండేదే మూడైతే కొనకముందే విరిగినట్ల గదప్పా. విరిగినదాన్ని కొత్తదని ఎట్ల కొంటాం?"

ఎగుడుదిగుడు రాతి నేలమీద మూడు కాళ్ళే కుదురుగా కూర్చుంటాయనీ, నాలుగోది ఉంటే ఏదో ఒకటి గాల్లో తేలి ఊగుతుందనీ ఓబుళేసు ఓపిగ్గా చెప్పాడు. నాగలింగప్పకు వెంటనే అర్థమైంది. కానీ అర్థం చేసుకోవడం అతని విధుల జాబితాలో లేదు. అర్జీని రెండుగా చీల్చి, తలను పరికరాల విభాగానికీ, కాళ్ళను ఫర్నిచర్ విభాగానికీ పంపాడు. తలకు కాళ్ళుండవు గనక పదిహేడో నిబంధన అడ్డు రాలేదు. అది నెల తిరక్కుండా వచ్చేసింది. అయితే నిలబెట్టడానికి కాళ్ళు లేని తలను ఎక్కడ ఉంచాలో తెలియక డైరెక్టర్ పరాంకుశం గారి బల్లమీద పెట్టారు. ఆయన గదిలో ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోతుంటాయి. తల వాటిమీద నిక్షేపంగా కుదిరింది.

కాళ్ళ సంగతి తేల్చడానికి పరాంకుశం గారు స్థిరత్వ నిర్ధారణ సంఘాన్ని వేశారు. అధ్యక్షుడు ఆయనే. సంఘం మూడుసార్లు సమావేశమై, దుకాణం నుంచి ఒక ట్రైపాడ్‌ను పరీక్షకు తెప్పించింది. ఫర్నిచర్‌కు నిర్ణయించిన పరీక్ష ఒక్కటే, కూర్చుని చూడడం. సంఘంలో అందరికన్నా బరువైన సభ్యుణ్ణి వినయంగా దానిమీద కూర్చోబెట్టారు. తల బిగించే బోల్టు నిటారుగా పైకి ఉంటుందన్న సంగతి అర్జీలో ఉంది గానీ, అర్జీ అప్పటికి వేరే గదిలో ఉంది. ఆ సభ్యుడు లేచిన వేగం చూసిన ఓబుళేసు, ఈ శాఖలో ఏ ఫైలూ ఇంత వేగంగా కదలలేదనుకున్నాడు. వస్తువు కూర్చొనుటకు అనుకూలముగా లేదనియు, అయినను కూలలేదనియు సంఘం నమోదు చేసింది.

తర్వాత పరాంకుశం గారు ఓబుళేసును పిలిపించి తమ నిర్ణయం వినిపించారు. ఆయన మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"శాఖ మీ అవసరాన్ని సానుభూతితో పరిశీలించింది. వస్తువు కొనుగోలుకు ఆమోదం తెలపడమైనది. నిబంధనకు అనుగుణంగా నాలుగవ కాలు స్థానికంగా సమకూర్చబడుతుంది. మూడు కాళ్ళతోనే నిలబడేది, నాలుగు కాళ్ళతో మరింత నిలబడుతుందన్నది సాధారణ జ్ఞానం."

ఓబుళేసు నోరు తెరిచాడు. సాధారణ జ్ఞానం పట్ల అసమ్మతి ఉంటే రాతపూర్వకంగా ఇవ్వవచ్చునన్నారు ఆయన. అలా ఇచ్చిన అసమ్మతిని పరిశీలించడానికి ఇంకో సంఘం వేస్తారని ఓబుళేసుకు తెలుసు. నోరు మూసుకున్నాడు.

ట్రైపాడ్ వచ్చింది. అది నిజంగా మంచి సరుకు. బస్టాండు దగ్గరి వెల్డింగు షాపులో దానికొక ఇనుప గొట్టాన్ని కాలుగా అతికించారు. మిగతా మూడు కాళ్ళు నల్లగా నున్నగా ఉంటే ఇది గేటు కడ్డీలా ఎర్ర రంగుతో ఉంది. మూడూ పొడుగు పెంచి తగ్గించుకోవచ్చు, ఇది పెరగదు, తరగదు. శ్రావణమాసంలో సంఘమంతా రెండు జీపుల్లో కొమ్ముబండకు పోయి ప్రయోగాత్మక పరీక్ష జరిపింది. ఆ ఒక్కరోజుకు పరాంకుశం గారు కాగితాలమీద రాయి పెట్టి తలను వెంట తెచ్చారు. మండపం నేల బండలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. నాలుగు కాళ్ళూ నేలను తాకాలని సంఘం పట్టుబట్టడంతో, ఓబుళేసు ఎంత సర్దినా స్టాండు గంగిరెద్దులా అటూ ఇటూ తల ఊపుతూనే ఉంది. ఫిల్ము కడిగి చూస్తే పైకప్పులోని నెమలికి రెండు మెడలున్నాయి. ఏనుగుకు కాళ్ళు ఎన్నో చెప్పడం కష్టం.

సంఘం ఆ ఫోటోలను శ్రద్ధగా చూసింది. స్టాండు నిబంధన ప్రకారం ఉంది కాబట్టి దోషం స్టాండుది కాదు. కెమెరా ఇదివరకు బాగా పనిచేసింది కాబట్టి దానిదీ కాదు. ఇక మిగిలింది నేల. అయిదు వందల ఏళ్ళ కిందట నేల పరిచినవారు తమ విధి నిర్వహణలో సమతలము పాటించలేదని సంఘం విచారం వ్యక్తం చేసి, మండపం నేలకు సిమెంటు పూసి చదును చేయాలని తీర్మానించింది. ఆ పని ఇంజనీరింగు విభాగానిది. అది పూర్తయ్యేదాకా స్టాండును స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. తల యథాస్థానానికి, కాగితాలమీదికి వెళ్ళిపోయింది. మునగబోయే మండపానికి సిమెంటు ఎందుకని ఇంజనీరింగు విభాగం ఒక తెలివైన ప్రశ్న వేసింది. ఆ ప్రశ్న వేయడానికి వాళ్ళకు నలభై రోజులు పట్టింది.

ఈలోగా నీళ్ళు బయలుదేరాయి. వాటికి సంఘాలు లేవు.

కొమ్ముబండ కింది ఊరు ఖాళీ అయిందని తెలిసిన రోజు ఓబుళేసు ఆఫీసులో కూర్చోలేకపోయాడు. కెమెరా ఒక్కటి సంచిలో వేసుకుని బస్సెక్కాడు. కనీసం కళ్ళతోనైనా చూసి వద్దామనుకున్నాడు. మండపం మెట్ల కింద అరమైలు దూరంలో నీళ్ళు మెరుస్తున్నాయి. వసారాలో మారెక్క అనే ముసలామె సంగటి వండుకుంటోంది. ఆమె ఇల్లు అప్పటికే పడగొట్టారు. కొత్త కాలనీలో మేకలకు చోటు లేదట. నీళ్ళు మెట్టు ఎక్కేదాకా ఇక్కడే ఉంటానని కూర్చుంది.

ఓబుళేసు లోపలికి పోయి పైకప్పు చూశాడు. రాజుగారి దండు ఎక్కడో విడిది చేసిన బొమ్మలు అవి. ఏనుగులు, గుడారాలు, ఒక మూల వంట చేస్తున్న ఆడవాళ్ళు. ఇంకో పదిరోజులకు ఇవన్నీ చేపలకు. అతను కెమెరాను స్తంభానికి ఆనించి చూశాడు, నేలమీద పెట్టి చూశాడు, సంచిని ముడిచి దానిమీద పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా ఒక పక్కకు ఒరిగిపోతోంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఉద్యోగం చేసి, ఒక్క మంచి పని చేసే సమయానికి చేతిలో ఏమీ లేదని అతనికి ఏడుపు వచ్చింది.

మారెక్క గుమ్మంలోంచి చూస్తోంది.

"ఏమప్పా, పొద్దన్నుంచి సూస్తాండా. ఆ పెట్టెను యాడ పెట్టాల్నో తెలీక తిరుగుతాండావు. మూడు రాళ్ళు పెట్టరాదా?"

"మూడా?" అన్నాడు ఓబుళేసు. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో అతనికి.

"మూడు గాక ఇంకెన్ని? నా పొయ్యి సూడు. ఇంత ఎగుడు బండమీద ఇంత సంగటి కెలుకుతాండా, కుండ కదిలిందా? నాలుగో రాయి పెడ్తే ఊగుతాది. అట్ల తిక్కోళ్ళు ఎవురన్నా పెడ్తారా?"

పెడతారని ఓబుళేసు చెప్పలేదు. ఆమె తన రాగుల మూట కూడా ఇచ్చింది. మూడు రాళ్ళమీద మూట, మూటలో గుంట చేసి కెమెరా, దాని కన్ను పైకప్పు వైపు. అతను గ్లాసుతో నీళ్ళు అడిగి, మూటమీద పెట్టి, రాయిని వేలితో తట్టి చూశాడు. అల లేవలేదు. ఆ రోజూ, మర్నాడూ, పొయ్యి జరిపినట్టు రాళ్ళను జరుపుకుంటూ ఇద్దరూ మండపమంతా తిరిగారు. అతను కెమెరా కన్ను తెరిచినప్పుడల్లా మారెక్క ఊపిరి బిగబట్టేది. అవసరం లేదని చెప్పినా మానలేదు. చివరి మూలలో వంట చేసే ఆడవాళ్ళ బొమ్మకు కెమెరా పెట్టినప్పుడు ఆమె పైకి చూసి, వాళ్ళ పొయ్యి రాళ్ళు వేలితో లెక్కపెట్టింది. మూడే ఉన్నాయి.

వారంలో నీళ్ళు మండపాన్ని మింగాయి. ఓబుళేసు చీకటి గదిలో ఫిల్ము కడిగితే నలభై ఆరు ఫోటోలూ, నెమలి కంటిలోని చుక్కతో సహా, స్పష్టంగా నిలబడ్డాయి. అతను వాటిని అచ్చు వేసి పరాంకుశం గారికి సమర్పించాడు. వెంట జతచేయాల్సిన ఫారంలో 'ఉపయోగించిన ఆధారము, దాని స్టోరు నంబరు' అనే గడి ఉంది. అబద్ధం రాయడం చేతగాక 'మూడు రాళ్ళు, నంబరు లేదు' అని రాశాడు.

రెండు రోజుల్లో అభియోగపత్రం వచ్చింది. రక్షిత ప్రదేశములోని శిలలను అక్రమముగా సమీకరించుట మొదటి నేరం. సదరు శిలలకు నాలుగవ శిలను జోడించుటయందు ఉద్దేశపూర్వక నిర్లక్ష్యము వహించుట రెండో నేరం. నలభై ఆరు ఫోటోలనూ, వాటి నెగటివ్‌లనూ సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని సీలు వేశారు. విచారణ ఎవరికీ తొందర లేనట్టు సాగి మాఘమాసానికి చివరికొచ్చింది. ఓబుళేసు విరమణ ఫిబ్రవరి ఆఖరు రోజున.

దానికి వారం ముందు నాగలింగప్ప అతన్ని పక్కకు పిలిచి రెండు దారులున్నాయని చెప్పాడు. రాళ్ళ మాట పొరపాటున రాశానని ఒక కాగితం ఇస్తే అభియోగం కొట్టేస్తారు. శాలువా, దండ, పళ్ళెం, సభ అన్నీ యథావిధిగా జరుగుతాయి. ఓబుళేసు ఆ ఆఫీసులో నలభై మూడు వీడ్కోలు సభలకు ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల్లో అతను ఒక్కదానిలోనూ లేడు. ఇంట్లో భార్య లక్ష్మక్క ఆ రోజుకని చీర కూడా తీసిపెట్టుకుంది.

"మరి ఫోటోలు?" అన్నాడు ఓబుళేసు.

"కేసు లేకపోతే అవి సాక్ష్యం కాదు గదా. ఆమోదం లేని ఆధారం మీద తీసినవి. ధ్వంసం చేయమని రూలుంది."

"నేరం ఒప్పుకుంటే?"

"రుజువైన నేరానికి సాక్ష్యాలైతే శాశ్వత భద్రత. బీరువాలో పెట్టి, ఎవురూ తాకకూడదు. శాఖ ఉన్నన్నాళ్ళూ ఉంటాయి. నీకు మాత్రం సభ ఉండదప్పా. రిజిస్టర్లో మచ్చ పడతాది."

మన శాఖల్లో మంచి పనిని దాచే చోటు లేదు. నేరానికి మాత్రం గట్టి బీరువాలున్నాయి. ఓబుళేసు ఆ పూటే రెండు నేరాలూ చేశానని, తెలిసే చేశానని, నాలుగో రాయి అందుబాటులో ఉన్నా కావాలనే పెట్టలేదని రాసిచ్చాడు. ఆ చివరి వాక్యం రాసేటప్పుడు అతనికి ఉద్యోగంలో చేరాక మొదటిసారి సంతోషం కలిగింది. పరాంకుశం గారు తీవ్ర అభిశంసన విధించి, వీడ్కోలు సభ రద్దు చేశారు. లక్ష్మక్క ఒక పూట పొయ్యి వెలిగించలేదు. తర్వాత ఆ చీర కట్టుకునే వంట చేసింది.

ఆఖరు రోజు మధ్యాహ్నం ఓబుళేసు, చివరిగా చూసి పోతానని రికార్డు గదికి వెళ్ళాడు. సీలు వేసిన కట్ట బీరువా పై అరలో ఉంది. తృప్తిగా తలుపు మూసి, అలవాటు కొద్దీ వంగి కిందికి చూశాడు. బీరువాకు మూడు కాళ్ళే ఉన్నాయి. నాలుగో మూల కింద ఒక ఇటుక. మర్నాటి నుంచి మార్చి. తనిఖీ వస్తుంది, బీరువాను ఉన్నదున్నట్టుగా, లోపలి కాగితాలతో సహా, వేలం వేస్తుంది. కిందటేడు ఒక బీరువా అలాగే పోయింది, అందులో ఉన్న సర్వే పటాల్లో మిర్చి బజ్జీలు కట్టారు.

అతను నాగలింగప్ప దగ్గరికి పోయి స్టోరు గది తాళం అడిగాడు. ఎందుకని నాగలింగప్ప అడగలేదు. తాళం ఇచ్చి, రికార్డు గదిలోకి తనూ వచ్చి, కిటికీ దగ్గర నిలబడి బయటి వేపచెట్టును చూస్తూ ఉండిపోయాడు. వెనక ఇనుము కోస్తున్న రంపం చప్పుడు చాలాసేపు వినబడింది. "ఈ కాకులు ఎక్కువైనాయప్పా," అన్నాడు తిరగకుండానే.

మార్చి రెండో వారంలో తనిఖీ జరిగింది. రికార్డు గది బీరువాకు నాలుగు కాళ్ళున్నాయి, వాటిలో ఒకటి ఎర్ర రంగుది. రంగు గురించి నిబంధనలో ఏమీ లేదు. స్టోరు గదిలో మాత్రం కెమెరా స్టాండు ఒకటి, కాళ్ళు మూడు, విరిగినది అని రాసుకుని వేలం జాబితాలో చేర్చారు. వేలానికి ఓబుళేసు ఒక్కడే వచ్చాడు. వచ్చేదారిలో బోండాల వ్యాపారిని కూడా రమ్మన్నాడుగానీ, తనకున్నది చాలునన్నాడు అతను.

ఇప్పుడు ఓబుళేసు కొత్త కాలనీ వెలుపలి గుట్టమీద మేసే మారెక్క మేకలనూ, కాలనీలో ఆమె పొయ్యినీ, అక్కడి మనుషులనూ ఫోటోలు తీస్తున్నాడు. వేలంలో కొన్న ట్రైపాడ్ ఏ గుట్టమీద పెట్టినా కుదురుగా నిలబడుతుంది. దానిమీద తల లేని లోటు ఒక్కటే. రాగుల మూట వేసుకుని సరిపెట్టుకుంటున్నాడు. తల ఇంకా పరాంకుశం గారి బల్లమీదే ఉంది, పదిహేడో నిబంధన గాలికి ఎగిరిపోకుండా.